పనితనం అని రాశాను

మీరిప్పుడు ఏడాదికోసారి కంప్యూటరు ముందు కూర్చుని, వచ్చే ఏడు ఇంత పని చేసి చూపిస్తామని ఒక ఫారం నింపి సంతకం పెడతారట. దాన్ని పనితీరు ఒప్పందం అంటారని, ప్రమోషన్లూ బహుమానాలూ దాని మీదే ఆధారపడి ఉంటాయని మొన్నొక పెళ్లి పంక్తిలో నా పక్కన కూర్చున్న యువ అధికారి ఓపికగా వివరించాడు. పాపం, ముసలాడికి తెలియదనుకున్నాడు. నేను పప్పు కలుపుకుంటూ తలూపాను. అలాంటి కాగితం గోదావరిఖనిలో మా గని మీదికి డెబ్బయ్యో దశకం మొదట్లోనే వచ్చిందని, దాన్ని తెలుగు చేసినవాణ్ని నేనేనని, అందులో ఒక్క మాట రాసిన పాపానికి నా హోదా ఊడేదాకా వచ్చిందని ఆయనకు చెప్పలేదు. మొదలుపెడితే నేను పెరుగన్నం దాకా వచ్చేవాణ్ని కాదు. మీకైతే తీరుబడిగా చెబుతాను.

అప్పుడు నేను ఓవర్‌మన్‌ని. అంటే భూమి కింద ఒక సెక్షన్‌లో జరిగే పనికీ, అక్కడ తిరిగే మనుషుల ప్రాణాలకీ జవాబుదారీ నాది. మాది మంథని. ఇంట్లో అందరూ గుడి పనో బడి పనో చేసినవాళ్లే. బొగ్గు బాయి దిగిన మొదటివాణ్ని నేను. అందుకని కింద అందరూ నన్ను ‘పంతులు’ అనేవారు. మొదట్లో ఉడుక్కునేవాణ్ని. తర్వాత తర్వాత ఎవరైనా ‘సారు’ అంటే, వీడెవడో కొత్తగా చేరినట్టున్నాడే అని లాంతరెత్తి చూసేవాణ్ని.

మా మేనేజరు పరాయి రాష్ట్రం మనిషి. పని తెలిసినవాడు, మాట మీద నిలబడేవాడు, కానీ ఒక్క నిమిషం కుదురుగా కూర్చోడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టాడు. పెద్దాఫీసు వాళ్లు ఒక ప్రయోగం చేయబోతున్నారు. మా సెక్షన్ వాళ్లు మూడు నెలల్లో ఇన్ని టబ్బుల, అంటే పట్టాల మీద నడిచే ఇనప తొట్ల, బొగ్గు పైకి పంపుతామని ఒప్పుకోవాలి. పంపితే కొత్తగా కట్టిన ఇరవై క్వార్టర్లు మా సెక్షన్‌కే ఇస్తారు. పంపలేకపోతే అవి ఇంకో గని వాళ్లకు పోతాయి.

క్వార్టరంటే ఆ రోజుల్లో ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. గనులు తెరిచినంత వేగంగా ఇళ్లు కట్టలేదు. మా వాళ్లలో చాలామంది తడకలూ తాటాకులతో గుడిసెలు వేసుకుని ఉండేవారు. ఎండాకాలం వస్తే రోజూ ఏదో ఒక వాడలో మంటలు లేచేవి. ఒక గుడిసె అంటుకుంటే వరసంతా పోయేది. ఆడవాళ్లు నీళ్ల కోసం ఎంత దూరం నడిచేవారో చెబితే మీరు నమ్మరు. పెంకులో రేకులో కాకుండా పైన గట్టి కప్పు, వీధిలో నల్లా ఉన్న ఇల్లంటే మా వాళ్లకు అదే పెద్ద కల.

“సాయంత్రానికల్లా తెలుగులో కావాలి. మీ ఊరివాళ్లకు భాష బాగా వచ్చట కదా” అన్నాడు మేనేజరు. ఉబ్బిపోయి కూర్చున్నాను. రెండో వరసలోనే ‘పర్ఫార్మెన్స్’ అనే మాట అడ్డం తగిలింది. ఆఫీసులో ఉన్న నిఘంటువులో చూస్తే ‘ప్రదర్శన’ అని ఉంది. ప్రదర్శన ఒప్పందం అని రాస్తే ఊళ్లోకి సర్కస్ వచ్చిందనుకుంటారు. ‘ఉత్పత్తి’ అందామంటే ఆ మాట అదే కాగితంలో ఇంకోచోట వాడేశాను. కాసేపు పెన్ను కొరికి, ‘పనితనం’ అని రాశాను. ‘సెక్షన్‌లో పనిచేయువారి పనితనమును బట్టి క్వార్టర్లు ఇవ్వబడును.’ చదువుకుంటే ఎంత బాగుందో! నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక నాలుగో పేజీ మిగిలింది. అదంతా గళ్ల పట్టిక. ఆఫీసులో కాపీలు తీసే స్టెన్సిల్ కాగితం ఒక్కటే మిగిలి ఉంది, అందులో పట్టిక పట్టలేదు. పట్టికేగా, పైన సారమంతా వచ్చింది కదా అని వదిలేశాను. అందులో ఒక గడిలో, క్వార్టర్లకు అర్హులు బొగ్గు నింపే ఫిల్లర్లూ టబ్బులు తోసే ట్రామర్లూ మాత్రమే అని రాసి ఉంది. చదివాను కూడా. బుర్రకెక్కలేదు. మేనేజరుకు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు కాగితం మీదా నా తెలుగు కాగితం మీదా ఒకేసారి సంతకాలు చేసి, టపటపా సీళ్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున షిఫ్టుకు ముందు గని గేటు దగ్గర ఆ కాగితం పైకి చదివాను. అరవై మందికి పైగా చుట్టూ మూగారు. ముందు వరసలో మా టింబర్‌మన్ ఉన్నాడు. పై బండ కూలకుండా కర్ర ప్రాపులు నిలబెట్టడం ఆయన పని. బెల్లంపల్లి బాయిల్లో పని నేర్చుకుని ఇక్కడ గనులు తెరిచినప్పుడు వచ్చాడు. అందరికీ కాక, అంటే చిన్నాన్న. ఆయన గుడిసె రెండు ఎండాకాలాలు వరసగా కాలిపోయింది. ఆయన పనిలో ఒక అలవాటుంది. షిఫ్టు మొదలవకముందే, ఎవరూ చెప్పకుండానే, బొగ్గు తీసే ప్రతి ఫేసుకూ వెళ్లి పొడుగాటి కర్రతో పై బండను తట్టి చెవి పెట్టి వినేవాడు. రూలు ప్రకారం పిలిచిన చోటికి వెళ్లి ప్రాపు పెడితే ఆయన డ్యూటీ అయిపోతుంది. అయినా ముందే తిరిగి చూసుకుని, ఎక్కడ ఎన్ని ప్రాపులు కావాలో కోసి సిద్ధంగా ఉంచేవాడు. దానివల్ల ఫిల్లర్లు ఒక్క నిమిషం ఆగకుండా పని చేసుకునేవారు. అది వాళ్లకూ తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ అప్పటికి తెలియదు.

“ఆ మాట మల్లొక్కసారి సదువు పంతులూ” అన్నాడు కాక.

“సెక్షన్‌లో పనిచేయువారి పనితనమును బట్టి...”

“ఎవలు రాసిండ్రో గని, మంచిగ రాసిండ్రు. పనితనం అన్నరు. గంతే గావాలె” అని, అందరికంటే ముందు వచ్చి వేలిముద్ర వేశాడు. నేను రాసిందే అని చెప్పకుండా ఉండటానికి ఆ రోజు చాలా కష్టపడ్డాను.

మొదటి నెల మా సెక్షన్‌ని చూసి పక్క సెక్షన్ల వాళ్లు కుళ్లుకున్నారు. పట్టాలేసేవాళ్లు విరిగిన పట్టీలు తామే వెతికి బిగించారు. పంపు నడిపేవాడు కూడా, నీళ్లు చుక్క నిలవకూడదని, తిండి పంపు పక్కనే కూర్చుని తిన్నాడు. టబ్బులు ఒకదాని వెనక ఒకటి తాడు పట్టుకుని పైకి పోతూనే ఉన్నాయి. నెలాఖరుకు లెక్కకంటే ముందున్నాం. అప్పుడు ఆఫీసు వాళ్లు ఎంతో ఉత్సాహంగా క్వార్టర్లకు అర్హుల జాబితా తయారు చేసి నోటీసు బోర్డుకు అంటించారు. నాలుగో పేజీ ప్రకారం చేశారు.

కాకకు చదువు రాదు. పంపు అతను ఆయన కోసం జాబితా రెండుసార్లు చదివాడు. టింబర్‌మెన్ పేరు ఒక్కటీ లేదు. పట్టాల వాళ్లది లేదు. చదువుతున్న పంపు అతని పేరూ లేదు. పక్కన మా సెక్షన్‌లో పెద్ద నోరున్న ఫిల్లరు ఒకడు నిలబడి ఉన్నాడు. కండ గలవాడు, ఇద్దరి బొగ్గు ఒక్కడే నింపేవాడు. “కట్టెలు నిలవెట్టెటోళ్లకు క్వార్టర్లెందుకే కాకా? అవే కట్టెల్తోని ఇంకో గుడిసె ఏసుకోరాదు!” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నా సర్వీసులో సిగ్గుపడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిలో ఆ నవ్వు మొదటిది.

రెండో నెలలో ఎవరూ సమ్మె చేయలేదు, ఎవరూ గొడవ పడలేదు. అందరూ రూలు ప్రకారం డ్యూటీ చేశారు, అంతే. కాక షిఫ్టు వేళకు దిగి, ఒక మూల కూర్చుని, పిలిస్తే వచ్చేవాడు. వచ్చి కొలత చూసి, వెనక్కి వెళ్లి, ప్రాపు కోసుకుని, మోసుకొచ్చి నిలబెట్టేవాడు. అందాకా ఫిల్లర్లు బుట్టల మీద కూర్చుని ఎదురుచూసేవారు. టబ్బు పట్టాలు తప్పితే పట్టాల వాళ్లను మనిషిని పంపి పిలిపించాల్సి వచ్చేది. ఫిల్లర్లలో ఫిల్లర్లకే ఖాళీ టబ్బుల కోసం పోట్లాటలు మొదలయ్యాయి. ఒకడు ఖాళీ టబ్బును చీకటి సందులోకి తోసి దాచుకుంటే ఇంకొకడు దాన్ని వెతికి పట్టుకొచ్చేవాడు. నెలాఖరుకు మేము ఒప్పందమే లేని రోజుల్లో పంపినన్ని టబ్బులు కూడా పంపలేదు.

నేను కాక దగ్గరికి వెళ్లాను. కోపంగానే వెళ్లాను. “ఏమైంది కాకా నీకు? ఇట్లా కూర్చుంటే ఎట్లా?”

“కూసున్ననా? పిలిస్తె వస్తలేనా? ఒక్క పిలుపుకన్న రాలేదని చూపియ్యి పంతులూ.”

“అది కాదు. ముందు తిరిగి చూసుకునేవాడివి కదా.”

“అది నా పనితనం” అన్నాడు. “కాయిదంల గదే రాసినవ్ గద. తర్వాత మీరే లిస్టు ఏసి, నీకు పనితనం లేదు, నువ్వు లెక్కల లేవు అన్నరు. లేనిదాన్ని యాడికెల్లి తేవాలె? డ్యూటీ ఉన్నది, డ్యూటీ చేస్తున్న.”

ఆ మాట రాసింది నేనని ఆయనకు ఎవరో చెప్పేశారన్నమాట. నాకు ఒక్కసారిగా నాలుగో పేజీ గళ్లన్నీ కళ్లముందు కనిపించాయి. ఇది ఆఫీసు తప్పు కాదు, మేనేజరు తప్పు కాదు. ఒకటి చెప్పి ఇంకొకటి చేసినట్టు అరవై మందికి కనిపించేలా చేసింది నేను. గిరుక్కున తిరిగి పైకి వచ్చేశాను.

నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచాడు. కంపెనీ కాగితాన్ని తప్పుగా తర్జుమా చేసినందుకు ఛార్జిషీటు ఇవ్వొచ్చని గుర్తు చేశాడు. “ఇవ్వండి సార్. కానీ వాళ్ల వేలిముద్రలు తెలుగు కాగితం మీదున్నాయి. మీ సీలు కూడా దాని మీదుంది. అందులో నాలుగో పేజీ లేదు” అన్నాను. ఎక్కడి ధైర్యమో తెలియదు, బహుశా భయమే అటు తిరిగి ఉంటుంది.

ఆయన చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి ఒక బేరం పెట్టాడు. మూడు నెలల లెక్క పూర్తి చేస్తే తెలుగు కాగితం చెల్లుతుంది, సెక్షన్‌లో అందరూ అర్హులే. పెద్దాఫీసుకు ఆయనే జవాబు చెప్పుకుంటాడు. పూర్తి చేయకపోతే క్వార్టర్లు ఎలాగూ పోతాయి, నేను ఓవర్‌మన్ పని వదిలి మళ్లీ కింది హోదా సర్దార్‌గా వెళ్తానని ఇప్పుడే రాసివ్వాలి. రాసిచ్చాను. అది ఇంగ్లీషులోనే రాశాను, తెలుగు మీద నాకు నమ్మకం పోయింది.

మర్నాడు గేటు దగ్గర అందరికీ జరిగింది చెప్పి, తప్పు నాదే అన్నాను. పెద్ద నోరు ఫిల్లరు వెంటనే అందుకున్నాడు. “ఇండ్లు గవే ఇరవై గద పంతులూ. పంచుకునేటోళ్లు ఎక్కువైతె మాకేం మిగులుతది?” న్యాయమైన ప్రశ్నే. కాక మాత్రం వేరే అడిగాడు. “ఇల్లు అచ్చినా రాకున్నా గని, మా పేర్లయితె లిస్టుల రాయిస్తవా?”

ఆ సాయంత్రమే కొత్త జాబితా బోర్డు మీదికి ఎక్కింది. పంపు అతను కాక పేరు దగ్గర వేలు పెట్టి చూపించాడట. తర్వాతి రోజు నేను కిందికి దిగేసరికి ఫేసుల దగ్గర అప్పటికే కర్రతో తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బొగ్గు దుమ్ము అని తుడుచుకున్నాను.

మూడో నెలంతా రెండో నెల బాకీ తీర్చడానికే సరిపోయింది. ఆఖరి రోజు షిఫ్టు మొదలయ్యేసరికి ఇంకా నూట పది టబ్బులు పోవాలి. మాకు మంచి రోజున వెళ్లేవే అన్ని. సగం షిఫ్టుకు అరవై దాకా వెళ్లాయి. నాలుగు ఫేసుల్లో ఒకటి మహా జోరుగా నడుస్తోంది, అందులో పెద్ద నోరు ఫిల్లరూ అతని జట్టూ ఉన్నారు. నేను మనసులో నా హోదాను కాపాడుకుంటూ టబ్బులు లెక్కపెట్టుకుంటున్నాను. అప్పుడు కాక నా దగ్గరికి వచ్చాడు.

“పంతులూ, ఆ ఫేసుల మనుషులను జల్ది బయటికి తియ్యాలె. బండ గుల్లగ పలుకుతున్నది.”

“ప్రాపులు పెట్టడానికి ఎంతసేపు?”

“ముందుగాల మనుషులను తియ్యి.”

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో కూడా చాలా ఏళ్లు చెప్పలేదు. అరవై మంది ప్రాణాలకు జవాబుదారీ అయిన నేను ఆ క్షణాన, “ఇంకో పది టబ్బులు నింపినాక తీద్దామా కాకా?” అని అడిగాను.

కాక నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. “నువ్వు నింపుతవా?” అన్నాడు.

అంతే. నేను పరుగెత్తుకెళ్లి అందర్నీ బయటికి రమ్మన్నాను. పెద్ద నోరు ఫిల్లరు చేతిలో ఉన్న చెమ్మస్ పారను విసిరికొట్టి, “ఇయ్యాల్నే దొరికిందా కాకా నీకు? ఇగ పోయినయ్ తియ్యి క్వార్టర్లు” అని తిట్టుకుంటూ వచ్చాడు. కాకా ఇంకో టింబర్‌మనూ ఆ ఫేసు మొదట్లో ప్రాపులు బిగించడం మొదలుపెట్టారు. రెండోది బిగిస్తుండగా పైనుంచి సన్నగా మట్టి రాలింది. కాక తోటివాడి చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఆ తర్వాత చెవులు చిల్లులు పడే చప్పుడు. దుమ్ము తగ్గాక దీపాలు ఎత్తి చూస్తే, వాళ్లు బొగ్గు నింపుతున్న చోట గది అంత బండ పడి ఉంది. దాని కింద సగం నిండిన టబ్బు అప్పడంలా అణిగిపోయింది.

పెద్ద నోరు ఫిల్లరు ఆ టబ్బు వైపు చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత కాకకు దణ్ణం పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. గోడకు ఆనించి ఉన్న ప్రాపును భుజానికెత్తుకుని, “యాడ వెట్టాలె కాకా?” అన్నాడు.

ఫేసు మూసేలా ప్రాపులు బిగించేసరికి షిఫ్టులో రెండు గంటలు కూడా మిగల్లేదు. పోవాల్సిన టబ్బులు నలభై పైన. అప్పుడు ఆ సెక్షన్‌లో జరిగింది నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఎవరూ పిలవకుండానే పట్టాల వాళ్లు ఆ ఫేసులోకి పోయే పట్టాలు ఊడదీసి పక్క ఫేసుకు తిప్పారు. చేతిలో పని అయిపోయిన టింబర్‌మెన్ తట్టలు అందుకున్నారు. పంపు అతను చెమ్మస్ పట్టుకోవడం చూసి ఒక ఫిల్లరు నవ్వి, పట్టు సరిచేసి చూపించాడు. కాక మాత్రం తట్ట ముట్టుకోలేదు. మూడు ఫేసుల మధ్యా కర్రతో తిరుగుతూనే ఉన్నాడు. ఖాళీ టబ్బు ఎవరికి దగ్గరైతే వాళ్లు నింపారు. నేను కోటు విప్పి టబ్బు తోశాను. “పంతులు తోస్తుండు! మంత్రం సదువు పంతులూ, అదే నడుస్తది!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. అంత గొప్పగా ఎప్పుడూ నన్నెవరూ వెక్కిరించలేదు.

షిఫ్టు సైరన్ కూసేసరికి మూడు టబ్బులు ఎక్కువే పంపాం. మేనేజరు పైన నిలబడి ఆఖరి టబ్బుల్లో నాలుగింటిని తిరగేయించి చూశాడు. రాయి లేదు, అడుగున గుల్ల లేదు. తర్వాత కిందికి దిగి, పడిన బండ దగ్గర కాసేపు కదలకుండా నిలబడ్డాడు. ఆయన అలా ఒకచోట నిలబడటం నేను అదే చూడటం. నేను రాసిచ్చిన ఆ కాగితాన్ని జేబులోంచి తీసి నా చేతిలో పెట్టి, “తర్జుమా తప్పు నీదే. కానీ సీలు నాది” అన్నాడు. గనిలోంచి పైకి వచ్చేదాకా మా వాళ్లు చేసిన కేకలకు గొంతులన్నీ పోయాయి. నాదీ పోయింది.

లక్ష్యం పెట్టడం తప్పని నేను అనను. ఆ నంబరు లేకపోతే మేము అంత పని చేయగలమని మాకే తెలిసేది కాదు. కానీ మీలో ఎవరైనా రేపు పెద్ద కుర్చీలో కూర్చుని అలాంటి కాగితం రాయాల్సి వస్తే, లెక్కకు దొరికే పనినే పనిగా చూడకండి. ఎవరి పేరు వదిలేస్తున్నారో ఆగి చూసుకోండి. మనిషికి బహుమానం రాకపోతే బాధపడతాడు, మళ్లీ తేరుకుంటాడు. నీ పని అసలు పనే కాదంటే మాత్రం చెయ్యి ఆడదు.

వారం తర్వాత ఇరవై తాళంచెవులు ఒక ట్రేలో పెట్టి మేనేజరు నా చేతికిచ్చాడు. ఎవరికివ్వాలో సెక్షన్ వాళ్లే తేల్చుకోమన్నాడు. అరవై మందికి పైగా మనుషులు, ఇరవై ఇళ్లు. బండ కింద పోని ప్రాణాలు ఇక్కడ పోతాయనుకున్నాను. చీట్లు వేద్దామని నేను నోరు తెరిచేలోపే పెద్ద నోరు ఫిల్లరు ముందుకొచ్చాడు.

“చీట్లు గీట్లు ఏం వద్దు పంతులూ. ఆ మొదటి లిస్టు తియ్యి. దాంట్ల ఎవల పేరు లేకుండెనో ఆళ్లకు ముందుగాల ఇయ్యి. మిగిలినయ్ మేం చూసుకుంటం.”

ఒక్క ఫిల్లరు కూడా కాదనలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చారు. కాక అక్కడే నిలబడి ఉన్నాడు, కదలడం లేదు. ఇద్దరు భుజం మీద చేయి వేసి ముందుకు తీసుకొచ్చారు. మొదటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని బొగ్గు మరకల అరచేతిలో అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. తర్వాత నా దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

“పంతులూ, దీన్ని ఎటు దిక్కు తిప్పాలె? నా ఇంటికి ఎన్నడు తాళం లేకుండె.”